నీళ్ళు పోశాను

మే 9

వాడి మొక్క మొగ్గ తొడిగింది. నా వాటిలో ఒక్కటీ ఇంకా తొడగలేదు.

ఇందులో రాసుకోవడానికి ఏముంది. ఏమీ లేదు. రాశాను, అంతే.

మే 11

కొట్టులో పని లేదు. చేతికి గడియారం కట్టుకునేవాళ్ళే తగ్గిపోతుంటే బాగుచేయించుకునేవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు. పెందలాడే తాళం వేసి ఇంటికొచ్చాను. మా ఆవిడా, ఆమె చెల్లెలూ పెరట్లో, వాడి వైపున, బోర్లించిన బకెట్ల మీద కూర్చుని నవ్వుకుంటున్నారు. నన్ను చూడగానే మా ఆవిడ నవ్వు ఆపేసింది. ఆపకపోయినా నేనేమీ అనేవాణ్ణి కాదు.

ఒకే ఇల్లు, నడుమ గోడ. అటు మా మరదలు, ఆవిడ మొగుడు. ఇటు మేం. పెరటి దాకా వచ్చేసరికి గోడకి ఇటుకలు చాల్లేదట. అందుకని నేనే ఒక తాడు కట్టాను. తాడుకి ఇవతల నా లిల్లీలు వరసగా ఉంటాయి. ప్రతి మొక్కకీ ఒక రేకు బిళ్ళ, దాని మీద తల్లి మొక్క పేరు ముందు, తండ్రి మొక్క పేరు తర్వాత. తాడుకి అవతల పెయింటు డబ్బాలు, చిల్లుపడ్డ బకెట్లు, ఎవరో పారేసిన బేసిను. వాటిలో ఏది మొక్కో ఏది కలుపో పెంచేవాడికే తెలియదు.

వాడు పరుపుల షోరూమ్‌లో పనిచేస్తాడు. పొద్దస్తమానం జనాన్ని పరుపుల మీద పడుకోబెట్టి 'ఎలా ఉంది సార్' అని అడగడమే ఉద్యోగం. పడుకున్నవాడు లేచేలోపు వాడికి స్నేహితుడైపోతాడు. నేను లోలోపల పెట్టుకున్న పేరు హడావుడి. పైకి మాత్రం 'తమ్ముడూ' అంటాను. తోడల్లుడు కదా, అనాలి.

మే 14

అసలు ఆ మొక్క నాది. ఈ సంగతి ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

మూడేళ్ళ కిందట ఆ కాయని కట్టించింది నేను. మొగ్గ విచ్చకముందే వాచీ పట్టకారుతో కేసరాలన్నీ ఊడదీసి, వేరే మొక్క పుప్పొడి తెచ్చి నడిమి కాడ కొసకి అద్ది, తేనెటీగలు వచ్చి నా పని చెడగొట్టకుండా చాక్లెట్ కాగితంతో టోపీ పెట్టింది నేను. కాయ ఎండాక విత్తనాలు నాటింది నేను. మొలకల్లో బలంగా ఉన్నవి ఏరి ఉంచుకుని బక్కవి చెత్తలో వేయబోతుంటే హడావుడి తాడు దాటుకుని వచ్చాడు.

"పారేయడం దేనికన్నయ్యా, నాకివ్వండి. పాపం, ప్రాణమున్నవే కదా."

ఇచ్చాను. చెత్తకుప్పకీ వాడి డబ్బాలకీ అప్పట్లో నాకు పెద్ద తేడా కనిపించలేదు. ఎలా పెంచాలని అడిగితే ఒక్క ముక్క చెప్పాను. నీళ్ళు పోసేముందు మట్టిలోకి చూడు, తడి ఉంటే పోయకు. లిల్లీ దుంప ఎండితే ఓర్చుకుంటుంది, నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతుంది. నేనైతే పుల్ల గుచ్చి చూస్తాను. వాడికి పుల్ల ఇస్తే పూట తిరక్కుండా పోగొడతాడు కాబట్టి వేలు పెట్టి చూడమన్నాను. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే, షర్టు గుండీలు కూడా పెట్టుకోకుండా, డబ్బా డబ్బాలో వేలు పెట్టుకుంటూ తిరుగుతాడు. ఆ వేలితోనే షోరూమ్‌కి వెళ్ళి తెల్లటి పరుపులు నొక్కి చూపిస్తాడనుకుంటాను.

మే 20

నావీ మొగ్గ తొడిగాయి. బలమైన మొక్కలు, బలమైన మొగ్గలు. మా ఆవిడని పిలిచి చూపించాను.

"ఊ," అంది. చేతిలో తడి బట్టలున్నాయి. పని మీద ఉంది, నిజమే.

జూన్ 2

వాడిది పూసింది.

పుల్లలాంటి కాడకి నాలుగు పువ్వులు. నాలుగూ తలలు వంచుకుని వేలాడుతున్నాయి. బయట రాగి రంగు. వంగి లోపలికి చూస్తే వెన్న రంగు, గొంతు దగ్గర లేతాకుపచ్చ. వాసన కూడా మామూలు లిల్లీలా తలకి కొట్టేది కాదు, దగ్గరికి వెళ్తేనే తెలుస్తుంది. నేను ఇన్నేళ్ళుగా కాయితం మీద గీసుకుంటున్నదీ, రాదనుకున్నదీ ఇదే. నా వరసలో రావలసింది పోయి వాడి పెయింటు డబ్బాలో వచ్చింది. డబ్బా మీద పాత పెయింటు కారిన చారలు కూడా అలాగే ఉన్నాయి, కడగలేదు.

మా ఆవిడ వెళ్ళి చూసింది. ఒక పువ్వు కింద మోకాళ్ళ మీద కూర్చుని తలెత్తి లోపలికి చూసి, "అబ్బ," అంది.

జూన్ 3

అబ్బ అంది.

పెళ్ళయిన దగ్గర్నుంచీ వెనక్కి వెళ్ళి వెతుక్కున్నాను. నేను చేసిన ఏ పనికీ ఆమె అలా అన్న గుర్తు లేదు. వాళ్ళ నాన్నగారి పాత జేబు గడియారం తిరగదని అందరూ వదిలేస్తే తిరిగేలా చేసి చేతిలో పెట్టినప్పుడు కూడా "థాంక్సండీ" అంది. పరాయివాళ్ళకి చెప్పినట్టు.

జూన్ 6

వీధిలో వాళ్ళందరూ వచ్చి చూసి పోతున్నారు. హడావుడి ప్రతివాళ్ళనీ ఆ పువ్వు కింద కూర్చోబెడుతున్నాడు. అలవాటైన పనే కదా, పరుపు ఒకటే తక్కువ. వాసన చూడబోయి ముక్కు నిండా పుప్పొడి అంటించుకున్నాడు. ఆ గోధుమ రంగు మరకతోనే షోరూమ్‌కి వెళ్ళి సాయంత్రం దాకా తిరిగాడట. వచ్చాక అక్కాచెల్లెళ్ళు పడీపడీ నవ్వారు. ఇన్నేళ్ళలో నా బట్టల మీద ఒక్క పుప్పొడి మరక పడలేదు. ఆ సంగతి ఎవరికీ పట్టదు.

సాయంత్రం నన్ను తాడు దగ్గరికి పిలిచి అడిగాడు.

"అన్నయ్యా, గోడ గడియారంలో కింద ఊగుతూ ఉంటుందే, దాన్నేమంటారు?"

"లోలకం," అన్నాను, ఎందుకడుగుతున్నాడో తెలియక.

"అదీ. దీని పేరు లోలకం. చూడండి, గాలికి అచ్చం అలాగే ఊగడం లేదూ?"

మరదలు చప్పట్లు కొట్టింది. మా ఆవిడ నా మొహంలోకి చూసి నవ్వింది. నా పొట్ట పోసుకునే పని మీద ఎగతాళి, అదీ నా నోటితోనే పేరు చెప్పించి. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను. మొహం మాడ్చుకుంటే కుళ్ళుకుంటున్నాడంటారు.

నాకేమీ కుళ్ళు లేదు. పద్ధతి అనేది ఒకటుంటుంది అంటున్నాను.

జూన్ 8

నావి పూశాయి. తెలుపు, మధ్యలో కాస్త గులాబి. ఏ నర్సరీలో అడిగినా దొరికే రకం.

"బాగానే ఉంది," అంది మా ఆవిడ.

జూన్ 12

ఆదివారం. లైబ్రరీ హాల్లో పూలసంఘం వాళ్ళ ప్రదర్శన. హడావుడి నిన్నట్నుంచీ బతిమాలాడు.

"మీరు రాకపోతే ఎలా అన్నయ్యా. అసలు మీరే కదా ఉండాలి అక్కడ."

నన్ను వెనక నిలబెట్టుకుని పొగిడించుకోవాలని సరదా. కొట్టులో పనుందని చెప్పాను. ఆదివారం కొట్టేమిటని ఎవరూ అడగలేదు, అడక్కపోవడం కూడా బాధగానే ఉంది. మా ఆవిడ వాళ్ళతో వెళ్ళింది. ఎప్పుడూ బీరువాలోనే ఉండే నీలం చీర కట్టుకుంది.

కొట్టు తలుపు సగం వేసుకుని, బాగున్న వాచీనే ఒకటి విప్పి మళ్ళీ బిగించాను.

మధ్యాహ్నానికి కప్పుతో వచ్చారు. మొదటి బహుమతి. హడావుడి తిన్నగా మా వైపుకే వచ్చి దాన్ని మా టీవీ మీద పెట్టబోయాడు.

"ఇది మీ దగ్గరే ఉండాలన్నయ్యా."

పుండు మీద కారం చల్లడం అంటే ఇదే. గెలిచినవాడు ఓడినవాడింటికొచ్చి కప్పు పెట్టి పోవడం.

"మా టీవీ మీద జాగా లేదు," అన్నాను.

టీవీ మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. వాడు నాకేసి చూశాడు, మా ఆవిడకేసి చూశాడు, కప్పు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మా ఆవిడ ఏదో చెప్పబోయింది. వాళ్ళ గెలుపు కథలు వినే ఓపిక లేక స్నానానికి వెళ్ళాను. బయటికొచ్చేసరికి చీర మార్చేసుకుని గిన్నెలు తోముతోంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

జూన్ 17

అక్కాచెల్లెళ్ళ పిన్నికి మోకాలి ఆపరేషన్. ఆవిడకి పిల్లల్లేరు, వీళ్ళే చూసుకోవాలి. ముగ్గురూ రేపు హడావుడి వ్యానులో బయల్దేరుతున్నారు. కొట్టు ఉంది కాబట్టి నేను ఆగిపోతున్నాను.

కుళాయి లోపలుందని వాడు వాళ్ళ పెరటి తలుపు తాళం చెవి తెచ్చిచ్చాడు.

"మొక్కలకి నీళ్ళు మీరే చూసుకోవాలన్నయ్యా. మీకు నేను చెప్పేదేముంది. లోలకం మీ చేతిలో ఉంటే నాకు బెంగ లేదు."

జూన్ 18

నీళ్ళు పోశాను.

జూన్ 19

నీళ్ళు పోశాను. ఎండలు బాగా ఉన్నాయి.

జూన్ 20

పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాను. పెయింటు డబ్బా కింద మన ఇంట్లోదే ఒక పాత పళ్ళెం పెట్టాను, గచ్చు పాడవకుండా. పళ్ళెంలో నీళ్ళు నిలుస్తున్నాయి. ఎండకి అవే ఇగిరిపోతాయి.

పుల్ల గుచ్చి చూడలేదు. చెప్పినవాణ్ణి నేను, నాకు చూడకపోయినా తెలుస్తుంది.

జూన్ 21

నీళ్ళు పోశాను. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఇలా ఉంటేనే నాకు ఇష్టమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. సాయంత్రం మా ఆవిడ ఫోన్ చేసింది. వెనక నుంచి హడావుడి ఆసుపత్రి నర్సుతో వేళాకోళం ఆడుతుంటే అందరూ నవ్వుతున్నారు. పిన్ని కూడా నవ్వుతోంది, కుట్లు నొప్పిపెడతాయి ఆపరా అంటూ.

"మొక్కలెలా ఉన్నాయి?" అని అడిగింది.

"నీళ్ళు పోస్తున్నాను," అన్నాను.

జూన్ 22

నీళ్ళు పోశాను.

జూన్ 23

కింది ఆకులు పసుపు తిరిగాయి. పువ్వులెలాగూ రాలిపోయాయి, వాటి కాలం అయిపోయింది.

ఎందుకైనా మంచిదని పక్కనుంచి మట్టి తవ్వి చూశాను. దుంప ఇంకా గట్టిగానే ఉంది. లిల్లీ దుంప వెల్లుల్లి గడ్డలా రెబ్బలు రెబ్బలుగా ఉంటుంది. ఒక్కో రెబ్బనీ తుంచి తడి ఇసకలో దాచితే దాని మొదట్లో చిన్న దుంప కడుతుంది. అదే మొక్క, అదే పువ్వు, వెంట్రుకవాసి తేడా ఉండదు. బయటి రెబ్బలు గుప్పెడు తుంచుకున్నాను. తెల్లగా, పాలపళ్ళలా ఉన్నాయి. ప్లాస్టిక్ సంచిలో తడి ఇసక పోసి, వాటిని అందులో పెట్టి, కొట్టుకి తీసుకెళ్ళి చచ్చిన వాచీల సొరుగులో పెట్టాను.

రేపు ఏదైనా జరిగితే జాతి పోకూడదు కదా. ముందుజాగ్రత్త.

ఇంటికొచ్చి దుంపని మళ్ళీ మట్టితో కప్పాను. నీళ్ళు పోశాను.

జూన్ 29

వచ్చారు.

హడావుడి సామాను కూడా దించకుండా పెరట్లోకి పోయాడు. కాడ పట్టుకుని నిటారుగా నిలబెట్టబోతే ఊడి చేతిలోకి వచ్చింది. కింద దుంప మెత్తగా, గోధుమ రంగు ముద్దలా అయిపోయింది. కంపు. వాడు ఆ డబ్బా ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు. వాడు మాట్లాడకుండా ఉండటం నేను మొదటిసారి చూశాను.

నేను తాడుకి ఇవతలే నిలబడ్డాను. ఏదో ఒకటి అంటాడని సిద్ధంగానే ఉన్నాను. ఎండలు, ఉక్క, ఎండకి కాగిన కుళాయి నీళ్ళు, చెప్పడానికి అన్నీ అనుకుని పెట్టుకున్నాను.

"నాదే తప్పన్నయ్యా," అన్నాడు. "వెళ్ళే రోజు పొద్దున్న కంగారులో మగ్గుల కొద్దీ గుమ్మరించేసి పోయాను. వేలు పెట్టి చూడనే లేదు. మీరు చిలక్కి చెప్పినట్టు చెప్పారు."

"అవుతూ ఉంటుంది," అన్నాను.

నా గొంతు నాకే చక్కగా వినిపించింది. మా ఆవిడ డబ్బా కేసి కాదు, డబ్బా కింది పళ్ళెం కేసి చూస్తోంది.

జూలై 1

వాడు అడిగినవాళ్ళందరికీ అదే చెబుతున్నాడు, తనే ముంచేశానని. పాలు పోసేవాడికి చెప్పాడు. వీధి చివర ఇస్త్రీ అతనికి చెప్పాడు. నేను పక్కనే ఉన్నప్పుడు కూడా చెప్పాడు.

నేను అబద్ధం ఆడలేదు. నన్నెవరూ ఏమీ అడగలేదు.

జూలై 4

అన్నం తింటుంటే అడిగింది.

"ఆ డబ్బా కింది పళ్ళెం మనదే కదండీ?"

"ఆ. గచ్చు పాడవుతుందని పెట్టాను."

ఇంకో రెండు ముద్దలు తినేదాకా ఊరుకుంది.

"ఆ డబ్బా ఉన్నచోట గచ్చు లేదండీ. మట్టే."

నేను తల ఎత్తలేదు. ఆమె మజ్జిగ గిన్నె నా వైపు జరిపి లేచి వెళ్ళిపోయింది.

జూలై 9

మాట్లాడుతుంది. ఉప్పు కావాలా, కరెంటు మనిషి వచ్చాడు, కొట్టుకి గొడుగు పట్టుకెళ్ళండి. అంతే మాట్లాడుతుంది.

చెల్లెలికి చెప్పలేదు. చెప్పి ఉంటే మరదలు నన్ను 'బావా' అని ఇంత మామూలుగా పిలవదు. ఎందుకు చెప్పలేదో అడగడానికి నాకు ధైర్యం చాలడం లేదు. చెప్పేస్తే బాగుండునని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది. ఆమెకీ వాళ్ళకీ మధ్య నేనొక దాచుకోవలసిన సంగతినయ్యాను.

జూలై 15

పూలసంఘం కార్యదర్శి, అదే లైబ్రరీలో పనిచేసే ఆవిడ, ఒక గోడ గడియారం తీసుకుని కొట్టుకొచ్చింది. విప్పి చూస్తున్నాను. కంటికి భూతద్దం ఉంది.

"మొత్తానికి మిమ్మల్ని చూశాను. ఆ రోజు మీరెందుకు రాలేదు?" అంది.

పని అన్నాను.

"మీ పేరు మూడుసార్లు పిలిచాం మైకులో. మీ తోడల్లుడు స్టేజీ మీదికొచ్చి, పూయించింది నేనే గానీ పువ్వుని పుట్టించింది మా అన్నయ్య, ఆయన గడియారాలు బాగుచేస్తారు, అందుకే ఆయన పని పేరే పెట్టానని చెప్పాడు. పట్టకారుతో మీరెలా చేస్తారో చేత్తో చేసి చూపించాడు కూడా. హాలంతా నవ్వులు. చివరికి మీ ఆవిడ వచ్చి కప్పు అందుకుంది మీ తరఫున. ఎంత మురిసిపోయిందో. చెప్పలేదా మీకు?"

చెప్పిందన్నాను. భూతద్దం తీయలేదు. తీస్తే ఆవిడకి నా కన్ను కనిపిస్తుంది.

గడియారంలో లోపం ఏమీ లేదు. గోడకి వంకరగా తగిలించారు, లోలకం పక్క చెక్కకి తగిలి ఆగిపోతోంది. అంతే.

జూలై 16

నీలం చీర అందుకు కట్టుకుంది.

ఆగస్టు 13

రాయాలనిపించలేదు ఇన్నాళ్ళూ.

సొరుగు తీసి సంచి చూశాను. ప్రతి రెబ్బ మొదట్లోనూ దుంప కట్టింది. కొన్నిటికి రెండు. గోరంత గోరంత, తెల్లగా. ఒకదానికి అప్పుడే సన్నటి వేరు. రెండుసార్లు లెక్కపెట్టుకున్న మాట నిజం. లోలకం ఇప్పుడు ప్రపంచంలో నా ఒక్కడి దగ్గరే ఉంది. నేనే పుట్టించాను, నా దగ్గరే ఉంది, హడావుడికి ఒక్క వేరు కూడా లేదు. న్యాయంగా ఎలా ఉండాలో అలా ఉంది.

ఆగస్టు 14

పూసిన రోజున ఎక్కడ పెట్టాలి.

పెరట్లో పెడితే తాడుకి అవతల వాడున్నాడు. ఇంట్లో పెడితే ఆమె ఉంది. కొట్టులో పెడితే ఎండ రాదు. సొరుగులో పూయదు కదా.

ఆగస్టు 30

ఇచ్చేస్తే సరిపోతుందని అనుకున్నాను. మీరొచ్చాక కుళ్ళిన దుంపలో నాలుగు రెబ్బలు మిగిలితే దాచాను తమ్ముడూ అని చెప్పి ఇచ్చేయొచ్చు. పైగా నాకే మంచి పేరు.

భూతద్దం పెట్టుకుని ఒక్కొక్క రెబ్బా తిప్పి చూశాను. ఒక్కదాని మీదా ఒక్క గోధుమ మచ్చ లేదు. ఆ కంపు కొట్టే ముద్దలోంచి ఇలాంటివి రావు. దుంప బాగున్నప్పుడు తుంచినవేనని లిల్లీ పెంచినవాడెవడికైనా చూడగానే తెలుస్తుంది. వాడికీ తెలుస్తుంది. నేర్పింది నేనే.

సెప్టెంబర్ 8

పొద్దున్న పళ్ళు తోముకుంటూ కిటికీలోంచి చూశాను. హడావుడి రోజులాగే డబ్బా డబ్బాలో వేలు పెట్టుకుంటూ వస్తున్నాడు. లోలకం ఉన్న పెయింటు డబ్బా దగ్గరికొచ్చాడు. అందులో ఏమీ లేదు, ఉట్టి మట్టి. దాంట్లోనూ వేలు పెట్టాడు, అలవాటుగా. పెట్టాక గుర్తొచ్చినట్టుంది. వేలు తీసి షర్టుకి తుడుచుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, తర్వాతి డబ్బాకి వెళ్ళాడు.

నోట్లో నురుగుతో అలాగే నిలబడిపోయాను.

సెప్టెంబర్ 10

ఇచ్చేశాను.

కొట్టు నుంచి వస్తూనే సంచి పట్టుకుని తాడు దాటాను. తాడు కట్టినవాణ్ణి నేను, వాళ్ళందరూ చూస్తుండగా దాన్ని దాటడం ఇదే మొదటిసారి, కాలికి చుట్టుకుంది. హడావుడి అరుగు మీద కూర్చుని కూలర్ విప్పుతున్నాడు. మరదలు పట్టుకుంది. మా ఆవిడ టీ కప్పులతో అప్పుడే వచ్చింది. ముగ్గురి ముందూ సంచి పెట్టి, "లోలకం," అన్నాను. వేరే ఏవేవో అనుకుని వచ్చాను, అవేవీ నోటికి రాలేదు.

వాడు చేతులు కడుక్కుని వచ్చి మరీ విప్పాడు. ఇసక దులిపి ఒక రెబ్బ తీశాడు. వెలుగుకి పట్టుకుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఇంకోటి తీశాడు. మూడోది.

"ఒక్క మచ్చ కూడా లేదన్నయ్యా," అన్నాడు.

వాడి మొహంలో అర్థమవడం కనిపించింది. మెల్లగా, పరుపులోకి ఒళ్ళు దిగినట్టు దిగింది. మరదలు మొగుడి మొహం చూసి, తర్వాత అక్క మొహం చూసింది. మా ఆవిడ టీ కప్పులు పట్టుకుని అలాగే నిలబడింది. వాడు తిడతాడని, సంచి నా మొహాన కొడతాడని చూశాను. నిజం చెప్పాలంటే, కొడితే బాగుండుననే చూశాను. కొడితే లెక్క సరిపోయేది, అందరిలాంటి మనిషే అయిపోయేవాడు.

వాడు రెబ్బలన్నీ ఒక్కొక్కటే మళ్ళీ ఇసకలో పెట్టాడు.

"ఎంత లోతు పెట్టాలి వీటిని?" అని అడిగాడు.

"వేలి కణుపంత," అన్నాను.

పెయింటు డబ్బా తెచ్చాడు. ఈసారి దాని అడుగున మేకుతో నేనే ఇంకో నాలుగు చిల్లులు పొడిచాను. పాత మట్టి పారబోసి, కొత్త మట్టి కలిపి ఇద్దరం పెట్టాం. పనిలో మాట్లాడుకోనక్కర్లేదు. టీ చల్లారిపోయింది. మా ఆవిడ మళ్ళీ వెచ్చబెట్టి తెచ్చి, ముందు వాడికిచ్చి, తర్వాత నాకిచ్చింది. నేను తాగేదాకా పక్కనే నిలబడింది.

సెప్టెంబర్ 11

రాత్రి నిద్రపోయాను. చాలా రోజులకి.

కానీ ఒళ్ళు మండుతూనే ఉంది. పువ్వు పూయించింది వాడు. పేరు పెట్టింది వాడు. నా బదులు తప్పు నెత్తిన వేసుకుంది వాడు. చివరికి క్షమించడం కూడా వాడే కొట్టేశాడు, నాకేం మిగల్చకుండా. ఇంత మంచితనం ఒకే మనిషి దగ్గర ఉండటం పద్ధతి కాదు.

కప్పు ఇంకా వాడి టీవీ మీదే ఉంది. అడిగే మొహం లేదు. మా టీవీ మీద దుమ్ము మాత్రం తుడిచాను.

అక్టోబర్ 6

డబ్బాలో పచ్చటి ముక్కులు పైకొచ్చాయి. ముందు చూసింది నేను. కేక పెట్టి పిలిచాను. నేను కేక పెట్టడం అందరికీ వింతగా ఉంది.

అక్టోబర్ 14

పిన్నికి రెండో మోకాలు. ముగ్గురూ మళ్ళీ బయల్దేరుతున్నారు.

హడావుడి పొద్దున్నే వచ్చి తాళం చెవి నా చేతిలో పెట్టాడు. నేను వేళ్ళు ముడవలేదు.

"ఎవరికైనా వేరేవాళ్ళకి చెప్పు తమ్ముడూ," అన్నాను.

"ఇంకెవరున్నారన్నయ్యా? నీళ్ళు మీరే చూసుకోవాలి," అన్నాడు. ఆ తాళం చెవి మీద నా వేళ్ళు తనే ఒక్కొక్కటీ ముడిచి, వ్యాన్ కడగడానికి పోయాడు. వాడు నవ్వలేదు. ఈ మాట రాసుకోవాలి, వాడు నవ్వలేదు.

లోపల మా ఆవిడ బట్టలు సర్దుకుంటోంది.

"ఈసారికి నువ్వు ఉండిపోరాదూ," అన్నాను.

"ఎందుకు? మీకు కాపలాకా?"

అవునన్నాను.

ఆమె చీర మడత పెట్టడం ఆపి నన్ను చూసింది. ఆ చూపు మోకాళ్ళ మీద కూర్చుని పువ్వు లోపలికి చూసినప్పటిలా లేదు. అయితే జూలైలోలా కూడా లేదు.

"నేను వెళ్తాను," అంది. పెట్టె మూసి, గొళ్ళెం పెట్టమని నా వైపు తోసింది. ఆ గొళ్ళెం బిగుసు, ఆమె చేత పడదు.

అక్టోబర్ 15

ఎండగానే ఉంది. చేతిలో చెంబుతో డబ్బా దగ్గరికెళ్ళాను. పుల్ల ఇంట్లో మర్చిపోయాను.

వేలు పెట్టి చూశాను. తడిగా ఉంది.

నీళ్ళు పోయలేదు.